ఇంగ్లిష్‌లో ‘హ్యాపీ’ని ఎక్కడ, ఏ అర్థంలో వాడాలి?

కర్నూలులో డిగ్రీ చదువుతున్న ఒకరి ప్రశ్న ఇది: “హ్యాపీ అంటే సంతోషం అని చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఇంగ్లిష్ వాళ్లు సంతోషం ఊసే లేని చోట కూడా ఆ మాట వాడుతున్నారు. అసలు దీనికి ఎన్ని అర్థాలు? గ్లాడ్, జాయ్‌లతో తేడా ఏమిటి?”

నేను కడపలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తాను. ఇంటర్వ్యూలకు తయారయ్యే బీటెక్ పిల్లలు, ఇంటి నుంచే విదేశీ కంపెనీలకు పనిచేసేవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. హ్యాపీ పక్కన ఏ చిన్న మాట ఉందో చూడండి, అర్థం అక్కడే తేలిపోతుంది.

పక్కన ‘విత్’ ఉంటే సంతోషం కంటే సంతృప్తి గురించి మాట్లాడుతున్నారని లెక్క. ప్రొద్దుటూరు నుంచి వచ్చే ఒకబ్బాయి లండన్ క్లయింట్‌కు వెబ్‌సైట్ పని చేసేవాడు. ఒకరోజు క్లాసు అయ్యాక ఫోన్ తీసి మెయిల్ చూపించాడు. ‘వి ఆర్ నాట్ ఎంటైర్లీ హ్యాపీ విత్ దిస్’ అని ఉంది. “పూర్తిగా కాకపోయినా చాలావరకు నచ్చినట్టే కదా సార్?” అన్నాడు. లేదు నాయనా, బ్రిటిష్ ఆఫీసుల్లో ఆ మాట అన్నారంటే గట్టిగానే ఫిర్యాదు చేసినట్టు. గొంతు పెంచకుండా చెప్పడం వాళ్ల పద్ధతి. ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఏమేం మార్చాలో అడగమన్నాను. అడిగితే పేజీడు మార్పులు చెప్పారట.

‘టు’ వచ్చిందంటే చాలాసార్లు అభ్యంతరం లేదని అర్థం. ‘ఐ యామ్ హ్యాపీ టు వెయిట్’ అన్న మనిషి వెయిట్ చేయడంలో ఆనందం పొందుతున్నాడని అనుకోకండి. “పర్లేదు, ఉంటాను” అంటున్నాడు, అంతే. ‘ఫర్’ వస్తే మాత్రం నాకు చాలా ఇష్టం. ‘ఐ యామ్ హ్యాపీ ఫర్ యూ’ అంటే నీకు మంచి జరిగినందుకు నాకు సంతోషంగా ఉంది అని. స్నేహితురాలికి ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఉత్త ‘కంగ్రాట్స్’తో సరిపెట్టకుండా ఇది కూడా చెప్పి చూడండి.

సంతోషంతో పొంతన లేని వాడుకలు ఎందుకున్నాయంటే, ఈ పదానికి మూలం ‘హ్యాప్’ అనే పాత మాట. అదృష్టం, అనుకోకుండా జరిగేది అని దాని అర్థం. మొదట్లో హ్యాపీ అంటే అదృష్టవంతుడనే అర్థం ఉండేది, సంతోషం తర్వాత వచ్చి చేరింది. జరగడం అనే అర్థమిచ్చే హ్యాపెన్, బహుశా అనే పర్‌హ్యాప్స్, ప్రమాదం అనే మిస్‌హ్యాప్ అన్నీ ఒకే కుదురువి. ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. ఒకసారి క్లాసులో ఇంగ్లిష్ పేపర్ చదివిస్తుంటే బస్సు బోల్తా పడిన వార్తలో ‘హ్యాపిలీ, నో వన్ వజ్ హర్ట్’ అని వచ్చింది. చదువుతున్న అమ్మాయి ఠక్కున ఆగిపోయింది. “బస్సు పడిపోతే హ్యాపీ ఏంది సార్?” అంది. అక్కడ హ్యాపిలీ అంటే అదృష్టవశాత్తూ. వాక్యం మొదట్లో వచ్చి కామా పడితే దాదాపు ఎప్పుడూ అదే.

ఇక గ్లాడ్. ఏదైనా ఫలానాది జరిగినందుకు కలిగే సంతోషం, చాలాసార్లు హమ్మయ్య అనే ఊరటతో కలిసి ఉంటుంది. అనంతపురం వైపు వేరుశనగ విత్తి మొగులు చూస్తూ కూర్చున్న రైతుకు వాన పడితే ‘హి ఈజ్ గ్లాడ్ ఇట్ రెయిన్డ్’ అనడం చక్కగా అతుకుతుంది. మనిషి స్వభావం గురించో జీవితం గురించో చెప్పాలంటే మాత్రం హ్యాపీయే. ‘ఎ హ్యాపీ చైల్డ్’ అంటారు, ‘ఎ గ్లాడ్ చైల్డ్’ అని మామూలుగా అనరు. జాయ్ నామవాచకం, ఈ రెండింటికంటే లోతైన ఆనందం. బ్రిటన్‌లో ‘ఎనీ జాయ్?’ అని అడిగితే “పనేమైనా అయిందా?” అని అర్థం, కంగారు పడకండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇంకొక చోట. తెలుగులో ‘హ్యాపీగా’ అన్నది ఇప్పుడు హాయిగా, ఏ టెన్షన్ లేకుండా అనే అర్థంలో స్థిరపడిపోయింది. “రైల్వే స్టేషన్ దగ్గరే, హ్యాపీగా నడిచి పోవచ్చు.” “ఈ కారులో ఐదుగురు హ్యాపీగా కూర్చోవచ్చు.” తెలుగులో ఇందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే మాట్లాడతాను. ఇంగ్లిష్‌లోకి పోయినప్పుడు మాత్రం అక్కడ హ్యాపిలీ పెట్టకండి. మొదటిదానికి ఈజిలీ, రెండోదానికి కంఫర్టబ్లీ కావాలి. ‘హ్యాపీ జర్నీ’ కూడా మన దేశంలోనే ఎక్కువ. బయటివాళ్లు ‘హావ్ ఎ సేఫ్ జర్నీ’ అంటారు.

ఒక పదానికి ఒక అర్థం రాసుకుని బట్టీపట్టే అలవాటు మానేయాలని నా గట్టి అభిప్రాయం. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852లో అచ్చయింది. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీదున్న గ్రంథాలయానికి మా పిల్లల్ని పంపిస్తుంటాను. పదం పక్కన వాడుక ఎలా చూపించాడో వాళ్లు కళ్లారా చూడాలని. మీరూ హ్యాపీ కనిపించిన ప్రతిసారీ వాక్యం మొత్తం రాసుకోండి.

మీరు డిగ్రీలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ వెరీ హ్యాపీ టు ఇంట్రడ్యూస్ మైసెల్ఫ్’ అని మొదలుపెట్టమని చాలాచోట్ల నేర్పిస్తున్నారు. వ్యాకరణపరంగా సరైనదే, కానీ ఎదుటివాళ్లు పొద్దుటి నుంచీ అదే వింటుంటారు. థాంక్యూ చెప్పి, నేరుగా మీ పేరుతో, ఏం చదివారో దానితో మొదలుపెట్టండి. చివర్లో వేరే ఊళ్లో పనిచేస్తారా అని అడుగుతారు చూడండి, అప్పుడు ‘ఐ వుడ్ బి హ్యాపీ టు రీలొకేట్’ అనండి.