మూసుకుపోయిన గాటు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది చెన్నైలో పురసవాక్కం. మా బంటి మూడేళ్ళ మగ పిల్లి. పోయిన ఆదివారం రాత్రి మేడ మీద ఇంకో గండుపిల్లితో కొట్లాడి వచ్చింది. తోక మొదట్లో రెండు చిన్న గాట్లు కనిపించాయి. రక్తం కూడా పెద్దగా రాలేదు. మా అత్తగారు కొబ్బరినూనెలో పసుపు కలిపి పెట్టారు. మావారు డెట్టాల్‌తో కడుగుదామన్నారు. మంగళవారానికి గాట్లు మూసుకుపోతే హమ్మయ్య అనుకున్నాం. బుధవారం ఆ చోట నిమ్మకాయంత ఎత్తు లేచింది. ముట్టుకుంటే కసురుతోంది. చేప ముక్క పెట్టినా వాసన చూసి మంచం కిందికి పోతోంది. ఒళ్ళు కాలుతున్నట్టుంది. పారాసిటమాల్ సగం బిళ్ళ పాలలో కలిపి ఇవ్వొచ్చా? పోయినసారి ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఒక్కరోజుకే 2,800 రూపాయలు అయ్యాయి, అందుకే వెనకాడుతున్నాం. నిన్న పట్టుకోబోతే అత్తగారి చేతిని రక్తం వచ్చేలా రక్కింది కూడా.
(పేరు వద్దు, పురసవాక్కం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అచ్చయ్యేసరికి రెండు వారాలు పడుతుంది. బంటికి అంత వ్యవధి లేదు. అందుకే చదివిన వెంటనే మీ నంబరుకు ఫోన్ చేశాను. బిళ్ళ ఇవ్వొద్దన్నాను, ఆ పూటే వేపేరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను, అత్తగారిని వేరేగా ఆసుపత్రికి పంపమన్నాను. మీరు మూడూ చేశారు. ఆ రోజు గబగబా చెప్పినవన్నీ ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. ఇంకా చాలామంది అడక్కుండానే బిళ్ళ వేసేస్తారు.

ముందు ఆ బిళ్ళ సంగతి. పారాసిటమాల్‌ని మార్చి ఒంట్లోంచి బయటికి పంపే ఎంజైము మన కాలేయంలో దండిగా ఉంటుంది, పిల్లికి చాలా తక్కువ. దాంతో ఆ మందు విషపదార్థంగా మారి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఆ రక్తం ఆక్సిజన్ మోయలేదు. చిగుళ్ళు గులాబీ రంగు పోయి చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. నాలుగు కిలోల పిల్లికి సగం బిళ్ళ అంటే 250 మిల్లీగ్రాములు. ప్రాణం తీయడానికి అది చాలు.

నేను వేపేరి కాలేజీలో చదువుకునే రోజుల్లో పెరంబూరు రైల్వే క్వార్టర్స్ నుంచి ఒకాయన తెల్ల పిల్లిని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చాడు. బుగ్గ మీద పంటి గాటు, దానికి జ్వరం. ముందురోజు రాత్రి బిళ్ళ పొడి చేసి పెరుగులో పెట్టానని ఆయనే చెప్పాడు. మా ప్రొఫెసర్ పిల్లి పెదవి పైకెత్తి చూపించారు. ఆ చిగుళ్ళ రంగు నేను ఈనాటికీ మర్చిపోలేదు. సాయంత్రం లోపే అది పోయింది. ఆ బుగ్గ గాయం వారం రోజుల మందులతో మానేదే. ప్రేమతో పెట్టిన పెరుగు దాన్ని చంపింది. ఆయన ఆ చీర ముక్క మడత పెడుతూ చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటి మన నొప్పి బిళ్ళలు కూడా సొంతంగా ఇవ్వకండి. ఎవరైనా ఇప్పటికే ఏదైనా ఇచ్చేసి ఉంటే, ఏమవుతుందో చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు. పారాసిటమాల్‌కి అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది గానీ, గంటలు గడిచేకొద్దీ దాని వల్ల ఉపయోగం తగ్గిపోతుంది. మిగిలిన బిళ్ళల అట్ట చేతిలో పట్టుకుని వెంటనే బయల్దేరండి.

ఇక గాయం. గాటు చిన్నదని, త్వరగా మూసుకుందని మీరు సంతోషించారు. నేను మీ ఉత్తరంలో భయపడింది సరిగ్గా ఆ వాక్యం దగ్గరే. పిల్లి కోరపన్ను సూది లాంటిది. పైన బియ్యపు గింజంత రంధ్రం చేసి, లోపల కండ దాకా దిగుతుంది. దిగేటప్పుడు నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి బాక్టీరియాను లోపల వదిలిపెడుతుంది. పిల్లి చర్మం ఒకటి రెండు రోజుల్లోనే పైన అతుక్కుపోతుంది. బాక్టీరియా లోపలే ఉండిపోయి చీము పడుతుంది. కొట్లాట జరిగిన రెండు నుంచి ఐదు రోజుల మధ్య గడ్డ పైకి తేలుతుంది. మీ లెక్క చూడండి, ఆదివారం కాటు, బుధవారం గడ్డ. అరచేతి వెడల్పున చర్మం గీరుకుపోయిన పిల్లిని చూసి ఇల్లంతా ఏడుస్తారు, అది చాలాసార్లు తేలిగ్గా మానుతుంది. ఈ రెండు చుక్కల గాయాన్ని ఎవరూ పట్టించుకోరు.

మీ అత్తగారి పసుపు గురించి. ఆవిడ మీద కోపం వద్దు, మా నెల్లూరు ఇంట్లో మా నాయనమ్మా అదే చేసేది. కానీ పంటి గాటు మీద నూనెలో కలిపిన పసుపు ముద్ద పెడితే ఆ రంధ్రానికి మూత పెట్టినట్టే. చీము బయటికి రావడానికి ఉన్న ఒక్క దారీ పూడుకుపోతుంది. డెట్టాల్ అసలు వద్దు. అందులో ఉండే క్లోరోజైలెనాల్ ఫినాల్ జాతి రసాయనం, పిల్లి శరీరం దాన్నీ సరిగా బయటికి పంపలేదు. పిల్లి ఒంటికి ఏది రాసినా అది మందు కాదు, తిండి. పది నిమిషాల్లో నాకేస్తుంది. నోరు, నాలుక పుళ్ళు పడి నీళ్ళు కూడా తాగలేని పిల్లుల్ని నేను చూశాను. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ చూసి మురిసిపోయేవాళ్ళూ ఉన్నారు. అది కొత్తగా పుట్టే కణాలను కూడా కాల్చేస్తుంది.

అయితే ఇంట్లో చేయగలిగిందేమీ లేదా? ఉంది. గోటితో గీరుకున్న చార, కంచెకు తగిలి పైచర్మం మాత్రమే లేచిన దెబ్బ, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి పట్టుకుంటే రక్తం ఆగిపోయిన గాయం, పిల్లి ఎప్పటిలా తింటూ తిరుగుతూ ఉండటం, ఇవన్నీ ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. అర లీటరు నీళ్ళు మరిగించి చల్లార్చి, ఒక చిన్న చెంచా ఉప్పు మట్టంగా వేసి కలపండి. సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజితో ఆ నీళ్ళు గాయం మీద ధారగా పోయండి. దూది వద్దు, పోగులు పుండుకు అంటుకుంటాయి, గాజుగుడ్డ వాడండి. పొవిడోన్ అయొడిన్ ద్రవం, అదే మనవాళ్ళు బీటాడిన్ అనేది, పలచని టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్ళు కలిపి అద్దవచ్చు, ఆరేదాకా నాకనివ్వకండి. పిల్లి నాకితే పుండు మానుతుందన్న మాట నమ్మకండి. దాని నాలుక మీద ముళ్ళుంటాయి, మానే చర్మాన్ని అవే చీరేస్తాయి. నాకకుండా మెడ చుట్టూ కోన్, అంటే గరాటు ఆకారపు అడ్డు, కట్టండి. పొద్దునా సాయంత్రం గాయం చూడండి.

పంటి గాటైతే ఎంత చిన్నదైనా మొదటి రోజే డాక్టరుకు చూపించాలని నా అభిప్రాయం. ఆ రోజు శుభ్రం చేసి యాంటీబయోటిక్ మొదలుపెడితే చాలాసార్లు గడ్డే కట్టదు, ఖర్చూ తక్కువ. వాపు, వాసన, కుంటడం, కంటి దగ్గర దెబ్బ, కుక్క కాటు, మేడ మీంచి పడటం, నోరు తెరిచి ఊపిరి తీయడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం మాట ఎత్తకండి. ఒక రోజంతా తినకపోయినా అంతే. రెండు మూడు రోజులు పస్తున్న పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్ళు వేడి చేత్తో తెలియదు. పిల్లి మామూలు వేడే 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మనకు ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

పట్టుకోనివ్వదన్నారు. మందపాటి తువ్వాలు వెనకనుంచి కప్పి, తలతో సహా చుట్టి ఎత్తండి. క్యారియర్ లేకపోతే రెండు ప్లాస్టిక్ బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడుతో కట్టండి. పైన గుడ్డ కప్పితే చీకటిగా ఉండి ఆటోలో అరవదు. డబ్బు గురించి మొహమాటపడకుండా రాసినందుకు సంతోషం. చాలామంది అది దాచిపెట్టి, తీరిక లేదంటారు. మీకు రెండు కిలోమీటర్ల దూరంలోనే వేపేరి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. 1903లో డాబిన్ హాల్ అనే చిన్న భవనంలో 20 మంది విద్యార్థులతో మొదలైన కాలేజీ అది. ప్రైవేటుతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి.

బంటికి అక్కడ 104 డిగ్రీల జ్వరం ఉందని, మత్తిచ్చి గడ్డ కోసి చీము తీశారని, కోసిన చోటును కుట్టకుండా వదిలేశారని మీరు కంగారుగా ఫోన్ చేశారు. కుట్టకపోవడమే సరైనది, మిగిలిన చీము కారిపోవాలి. రెండో రోజే తిండి మొదలుపెట్టింది కదా అని యాంటీబయోటిక్ ఆపకండి, రాసిచ్చినన్ని రోజులూ వేయండి. పుండు మానాక రెండు పనులున్నాయి. పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ ఎక్కువగా కాటుతోనే అంటుకుంటుంది, మనుషులకు రాదు. రెండు నెలల తర్వాత ఆ రక్తపరీక్ష చేయించండి. అలాగే బంటికి పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించండి. గండుపిల్లుల కొట్లాటలు దాంతో బాగా తగ్గుతాయి.

అత్తగారి చేయి. బంటికి గత ఏడాది రేబిస్ టీకా వేయించడం మర్చిపోయామని ఫోన్‌లో అన్నారు, అందుకే అంత గట్టిగా చెప్పాను. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా రక్కినా సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టకూడదు. రేబిస్ టీకా చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో, మొదటి డోసు రోజును 0గా లెక్కేసి, 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్, కూడా వేయాలి. పిల్లిని పది రోజులు గమనించమంటారు, నిజమే, కానీ ఆ పది రోజులూ టీకా ఆపి కూర్చోకూడదు. మిగిలిన తేదీలు క్యాలెండర్ మీద రాసి, ఆవిడను మీరే తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా వీధి పిల్లి మెడ మీద పుండుకు పురుగులు పట్టాయి. టర్పెంటైన్ నూనె పోస్తే పోతాయంటున్నారు. ఏం చేయాలి? (సాలిగ్రామం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పోయకండి బాబూ. ఊళ్ళల్లో పశువులకు వాడతారు గానీ పిల్లికి అది విషం. ఫినాయిల్, కర్పూరం కూడా అంతే. కుక్కల కోసం అమ్మే, పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న స్ప్రేలు, పౌడర్లు దగ్గరికి కూడా రానివ్వకండి, పిల్లికి ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. పైకి నాలుగు పురుగులు కనిపిస్తే చర్మం కింద ఇంకా ఎన్నో ఉంటాయి, వాటిని డాక్టరే మత్తిచ్చి ఒక్కొక్కటిగా తీయాలి. గిండీలోని బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థలో వీధి జంతువులకు వైద్యం చేస్తారు, లేదా వేపేరికి తీసుకెళ్ళండి. చేతులకు గ్లౌజులు వేసుకుని, తువ్వాలుతో పట్టుకుని బుట్టలో పెట్టండి. కాస్త నీళ్ళు తాగుతుందేమో చూడండి, బలవంతంగా పోయొద్దు. దారిలో మళ్ళీ ఈగలు వాలకుండా బుట్ట మీద పలచటి గుడ్డ కప్పండి.