రిసార్టులో తాబేలు, కార్డు మీద 92,000

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో మియాపూర్ దగ్గర ఉంటాం. నేను ప్రైవేటు పాఠశాలలో టీచరును, మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1,12,000 రూపాయలు చేతికి వస్తాయి. మాకు మూడేళ్ల నాలుగు నెలల పాప. వారమంతా ప్లేస్కూల్లోనూ ఆయా దగ్గరా గడుపుతుంది కాబట్టి నెలా రెండు నెలలకోసారి శని, ఆదివారాల్లో ఎక్కడికైనా తీసుకెళ్తాం. క్రెడిట్ కార్డు బాకీ 92,000 అయింది. ఈ తిరుగుళ్లు మాని పాప పేరున ఏడాదికి 60,000 పాలసీ కట్టమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. పాలసీ తెచ్చింది ఆవిడ అక్కగారి అబ్బాయే. నిజంగా షికార్లు మానేయాలా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు పంపిన ఆరు నెలల కార్డు స్టేట్‌మెంట్లూ ఇంటి ఖర్చుల కాగితమూ ముందేసుకుని కూర్చున్నాను. మీరు ఖర్చులు దాచకుండా రాశారు, అందుకు సంతోషం. చాలామంది నాకు పంపే కాగితంలో కూరగాయలుంటాయి గానీ ఆదివారం రాత్రి తెప్పించుకున్న బిర్యానీ ఉండదు.

ముందు లెక్క చూద్దాం. ఇంటి రుణం వాయిదా 34,000. అపార్టుమెంటు మెయింటెనెన్సు, కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్ 8,000. సరుకులు, పాలు, కూరగాయలు 17,000. వ్యానుతో కలిపి ప్లేస్కూలుకు 7,500, ఆయాకు 4,500, పెట్రోలు 7,000, మీ అమ్మానాన్నలకు 5,000, చీటీ 10,000, మందులు, బట్టలు, ఫోన్లు 7,000. కూడితే సరిగ్గా లక్ష. నెలకు మిగిలేది 12,000, అంటే ఆరు నెలలకు 72,000.

ఇదే ఆరు నెలల్లో మీరు నాలుగుసార్లు ఊరు దాటారు. నాలుగింటికీ కలిపి అయింది 58,000. మిగులు 72,000 అయినప్పుడు 58,000 షికార్లు మిమ్మల్ని అప్పులోకి నెట్టలేవు కదా! కార్డు మీద ఇంకో 47,000 ఉంది. బయటి నుంచి తెప్పించుకున్న భోజనాలు, రాత్రి పదకొండింటికి ఫోనులో కొన్న పిల్లల బట్టలు, రెండు జతల బూట్లు, ఒక గాలి శుద్ధి యంత్రం. ఇది మీ కాగితంలో లేదు, స్టేట్‌మెంట్‌లో మాత్రమే ఉంది. అప్పటికే ఉన్న 36,000 పాత బాకీకి ఇవన్నీ తోడయ్యాయి. వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి ఆరు నెలల్లో 16,000 పడింది. మధ్యలో మీరు 65,000 కట్టినా బాకీ 92,000 దగ్గర నిలిచింది.

ఆ 16,000 సంగతి కొంచెం చెప్పుకోవాలి. మీ కార్డుకు వడ్డీ నెలకు 3.5 శాతం. 92,000 మీద అది 3,220. దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తే 3,800 అవుతుంది. పోయిన నెల కనీస చెల్లింపు అని 5,000 కట్టి ఊపిరి పీల్చుకున్నారు. అందులో అసలుకు జమ అయింది 1,200. ఇంకో మెలిక ఉంది. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు దొరకదు. మీరు గది బుక్ చేసిన రోజు నుంచే దాని మీద వడ్డీ నడుస్తుంది. అంటే ఇంకా బట్టలు సర్దుకోకముందే ఆ షికారు ధర పెరగడం మొదలైందన్నమాట.

మీ అత్తగారి మాటలో సగం నిజముంది. కార్డు గురించి ఆవిడ భయం న్యాయమైనదే. షికార్ల మీదికి నెపం నెట్టడం, పాలసీ మందు వేయడం – ఈ రెండింటితోనే నాకు పేచీ.

ఇప్పుడు ఒక్క షికారును విప్పి చూద్దాం. వికారాబాద్ దగ్గరి రిసార్టులో ఒక రాత్రి బస. గది 7,800, పన్ను 1,404. మధ్యాహ్నం, రాత్రి భోజనాలు 3,450. పెట్రోలు 1,600. పాపకు ఈత దుస్తులు, గాలి ఊదే ట్యూబు 850. దారిలో దోసెలు, కాఫీ 720. అలసిపోయి ఇల్లు చేరాక తెప్పించుకున్న భోజనం 640. మొత్తం 16,464. ఆరు నెలల వడ్డీ కూడా దాదాపు ఇంతే. మీరు ఒక పూర్తి రిసార్టు షికారు బ్యాంకుకు చేయించారు.

ఆ ప్రయాణం గురించి మీ ఉత్తరంలో ఒక వాక్యం రాశారు: 'పాప ఇప్పటికీ చెప్పేది ఒక్కటే, అక్కడ తొట్టిలో ఉన్న తాబేలు గురించి.' నేను బిల్లంతా వెతికాను. తాబేలుకు ఎక్కడా డబ్బు వేయలేదు.

గది అద్దె గురించి ఒక చిన్న కిటుకు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతమే. అది దాటితే 18 శాతం. మీరు తీసుకున్న 7,800 గది పన్నుతో 9,204 అయింది. అదే 7,400 గది అయితే 7,770తో పోయేది. తేడా 1,434 రూపాయలు, అంటే మీ పెట్రోలు డబ్బులో చాలావరకు వచ్చేసేది.

షికార్లు మానవద్దని నేను అనడానికి మనసు కరిగిపోవడం ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా ఉంది. పిల్లలతో ప్రయాణం మెట్లు మెట్లుగా ఖరీదవుతుంది. విమానంలో రెండేళ్లు దాటగానే పూర్తి టికెట్టు, ఆ మెట్టు మీరు ఎక్కేశారు. రైల్లో మాత్రం ఐదేళ్లు నిండేదాకా విడిగా బెర్తు అడగకపోతే టికెట్టే అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండేళ్లలోపు అయితే బెర్తు వద్దంటే సగం, కావాలంటే పూర్తి ఛార్జీ. ఆ తర్వాత అసలైన మెట్టు బడి. ఒకటో తరగతిలో చేరాక సంక్రాంతి, దసరా, వేసవి సెలవులకు ఊరంతా బయలుదేరినప్పుడే మీరూ బయలుదేరాలి, ఆ రోజుల రేట్లే ఇవ్వాలి. ప్లేస్కూలు పిల్లకు ఆ బంధం లేదు. మీరు టీచరు కనుక దసరా సెలవులు మీకు ఎలాగూ ఉంటాయి. మీవారికి రెండు రోజులు సెలవు దొరకదని ముందే అనుకోకుండా, ఆ సెలవుల్లో సోమ, మంగళవారాలు అడగమనండి. శనివారం రాత్రి గదికీ మంగళవారం రాత్రి గదికీ ఉన్న తేడా మీరే ఫోనులో చూసుకోవచ్చు. పాపకు ఐదేళ్లు నిండడానికి ఇంకా 20 నెలలున్నాయి. ఊళ్లు చూపించడానికి ఇంత చౌక కాలం మళ్లీ రాదు. అయితే అప్పు చేసి మాత్రం కాదు.

ముందు కార్డు తీర్చాలి. దారి మీ కాగితంలోనే ఉంది, మీరు దాన్ని 'పాప చదువుకు' అని రాసి పక్కన పెట్టారు. 20 నెలల 2 లక్షల చీటీ, 11 నెలలు కట్టారు. రిజిస్టరైన కంపెనీలోదే అంటున్నారు, కమీషన్ 5 శాతం అంటున్నారు. వచ్చే నెల పాట పాడుకోండి. 20,000 తగ్గించి పాడినా చేతికి 1,80,000 వస్తుంది. చివరిదాకా ఆగితే కమీషన్ పోను 1,90,000. అంటే తొందరపడినందుకు నష్టం 10,000. ఆగితే ఎనిమిది నెలల కార్డు వడ్డీ నెలకు 3,800 చొప్పున 30,400. పాట మరీ 30,000 దాటితే ఆ నెల వదిలేయండి. జామీనుదారులను ముందే అడిగి పెట్టుకోండి. డబ్బు చేతికి రావడంలో ఎప్పుడూ ఆలస్యం అక్కడే. పాడుకున్న తర్వాత కూడా వాయిదాలు చివరిదాకా కట్టాలన్నది మరవకండి. చదువుకని దాచిన డబ్బు కార్డుకు పోస్తున్నామని మీకు గుచ్చుకోవచ్చు. కానీ 42 శాతం వడ్డీ అప్పు పక్కనే పెట్టుకుని పొదుపు చేయడమంటే, అడుగున చిల్లున్న బిందెతో నీళ్లు మోయడమే.

92,000 ఒక్క దెబ్బన కట్టేయండి. మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో మళ్లీ కొంచెం వడ్డీ కనిపిస్తుంది. అది బిల్లు వచ్చిన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య వడ్డీ. కంగారు పడకుండా అదీ కట్టండి, అప్పుడే ఖాతా శుభ్రపడుతుంది. మిగిలే 88,000ను షికారు డబ్బు అనుకోకండి. అది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, ఉద్యోగం పోయినా ఆసుపత్రి పాలైనా తీయడానికి. మీవారి కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఆ ఉద్యోగం ఉన్నంతవరకే. ఆ 88,000లోంచే ముగ్గురికీ కలిపి సొంతంగా ఒక ఆరోగ్య పాలసీ తీసుకుంటే నేను అభ్యంతరం చెప్పను.

ఇక పాప పేరున పాలసీ. ఏడాదికి 60,000 అంటే నెలకు 5,000, మీ మిగులులో దాదాపు సగం. ఇలాంటి పొదుపు పాలసీల్లో చేతికొచ్చేది సాధారణంగా ఏడాదికి 5–6 శాతం. మొదటి రెండు మూడేళ్లలో మానేస్తే కట్టినదాంట్లో కొంత పోతుంది. అంతకంటే ముఖ్యం, బీమా చేయాల్సింది సంపాదించేవాళ్ల మీద. పాప ఎవరినీ పోషించడం లేదు, మీరిద్దరూ పోషిస్తున్నారు. మీవారి మీద కోటి, మీ మీద 50 లక్షలు టర్మ్ పాలసీలు, అంటే పొదుపు లేకుండా మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా, తీసుకోండి. మీ వయసులకు, పొగతాగే అలవాటు లేదు కనుక, రెండింటికీ కలిపి నెలకు సుమారు 1,800 అనుకోండి. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా ఇప్పుడు లేదు. బంధువును నొప్పించడం ఇష్టం లేదా? ఆ టర్మ్ పాలసీలేవో ఆయన చేతుల మీదుగానే తీసుకోండి. కమీషన్ తక్కువని మొహం చిన్నబుచ్చుకుంటే అది ఆయన ఇష్టం.

పాప చదువుకు సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. వడ్డీ 8.2 శాతం, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. 15 ఏళ్లు కట్టాలి, తెరిచిన 21 ఏళ్లకు గడువు తీరుతుంది, 18 ఏళ్లు నిండాక చదువుకు సగం వరకు తీసుకోవచ్చు. నెలకు 2,000 కడితే, ఇదే వడ్డీ కొనసాగితే, చివరికి 11 లక్షల దాకా అవుతుంది. ప్రతి నెలా 5వ తేదీలోపు వేయండి, లేకపోతే ఆ నెల డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. తొమ్మిది నెలల్లో చీటీ ముగిసి 10,000 చేతిలో ఆడుతుంది. అప్పుడు అందులోంచి 3,000 కలిపి సుకన్యను 5,000 చేయండి, మిగతా 7,000 ఆ 88,000కు చేర్చండి.

మిగులు 12,000లో బీమాకు 1,800, సుకన్యకు 2,000 పోతే 8,200. బయటి భోజనాలకూ ఫోను కొనుగోళ్లకూ 2,500 చాలించుకోండి. 1,200 పక్కన పెట్టండి. 4,500 షికార్లకు. ఈ 4,500 జీతం రాగానే వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లాలి, దానికి డెబిట్ కార్డు మాత్రమే ఉండాలి. ఖాతాలో ఉన్నంత మేరకే ప్రయాణం.

ఏడాదికి అది 54,000. ఇప్పటి మీ ఖర్చులో సగానికి కొంచెం తక్కువ. రాత్రి బస చేసే షికార్లు మూడు, ఒక్కొక్కటి 9,000. నాలుగు రోజుల రైలు ప్రయాణం ఒకటి, 17,000. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కనుక విశాఖ, అరకు లాంటివి అనుకుంటే తేదీ చూసుకుని కూర్చోండి. మిగిలిన 10,000తో పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేవి ఎన్నో. మియాపూర్‌లో ఉండి వికారాబాద్‌కు కారెందుకు? లింగంపల్లిలో రైలెక్కితే గంటకు అటూఇటూగా దిగుతారు, అక్కడి నుంచి అనంతగిరి కొండకు ఆటో. ఇంట్లో చేసిన పులిహోర ఒక డబ్బా. మూడేళ్ల పిల్లకు రైలు కిటికీ ఏ రిసార్టుకూ తీసిపోదు. ఒక రాత్రి ఉండాలంటే వరంగల్ వెళ్లండి. వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు గట్టు చూసి, మర్నాడు 70 కిలోమీటర్ల దూరంలోని రామప్పకు వెళ్లవచ్చు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ గుడి ఆవరణలో పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత చోటు.

నా సొంత అజ్ఞానం ఒకటి చెప్తాను. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు శ్రీశైలం బయలుదేరాం, తీరుబడిగా, దారిలో రెండుచోట్ల ఆగుతూ. అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరని నాకు తెలియదు. మన్ననూరు గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ పది. శ్రీశైలంలో కట్టిన గది డబ్బు పోయింది, రాత్రంతా కారులో దోమలు. ముందు ఒక్క ఫోను చేసి కనుక్కుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. మావాడు మాత్రం కారులో పడుకున్నామని ఏడాదిపాటు అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

సుకన్య ఖాతా తెరవడానికి తపాలా కార్యాలయానికి వెళ్లేటప్పుడు పాప జనన ధ్రువపత్రం తీసుకెళ్తారు కదా, ఆ రోజే దాన్ని ఒక ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. నాలుగున్నరేళ్ల పిల్ల కాస్త పొడుగ్గా ఉంటే రైల్లో వయసు అడుగుతారు.