‘ఇది నిజమని ఎలా తెలుసు?’ అంటోంది.. బీటెక్‌లో చేర్చాలా, మ్యాథ్స్ చదివించాలా?

ప్రశ్న: మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఒక కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. పదో తరగతి వరకు మ్యాథ్స్‌లో ఫస్టే. ఇప్పుడు ప్రతి ఫార్ములా దగ్గరా ‘ఇది నిజమని ఎలా తెలుసు?’ అని ఆగిపోతోంది. వీకెండ్ టెస్టుల్లో సగం పేపరు వదిలేస్తోంది. సెక్షన్ కూడా కిందకి మార్చారు. ఇంట్లోనూ ఎదురు ప్రశ్నలే. మ్యాథ్స్ డిగ్రీ చేస్తే ఉద్యోగాలు రావని మా తమ్ముడు చెబితే ‘ఎవరు లెక్కేశారు బాబాయ్?’ అంది. సీఎస్ఈలో ఏఐ-ఎంఎల్ తీసుకుందామని మా ఆలోచన. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
- ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: పోలిక చెబుతాను, కాస్త ఆగండి. మొదటి టెస్టుల ర్యాంకులు తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజ్‌లుగా వెళ్లాక ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. అన్నింట్లోనూ కోర్సుల పేర్లే ఉంటాయి, అసలు భయం మాత్రం వేరే. నిన్నటిదాకా చెప్పిన మాట విన్న పిల్ల చేయి దాటిపోతోందేమోనని మీ టెన్షన్. బాబాయిని అలా అడిగిందని మీకు చిన్నతనంగా అనిపించినట్టుంది. నిజం చెప్పండి, ఆ ప్రశ్నకి మీ తమ్ముడి దగ్గర జవాబు ఉందా?

అమ్మాయి ఎక్కడ ఆగిపోతోందో కూడా చూడండి. ఏదో ఒక సంఖ్య తీసుకుని, దాని వర్గానికి అదే సంఖ్యను కలిపి, ఆపైన 41 కలపమనండి. 1కి 43, 2కి 47, 3కి 53 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. పదిసార్లు వేసినా, ముప్పైసార్లు వేసినా అంతే. 39 దగ్గర 1601 వస్తుంది, అదీ ప్రధాన సంఖ్యే. 40 దగ్గర వచ్చే 1681 మాత్రం కాదు, అది 41ని 41తో గుణిస్తే వచ్చేది. ముప్పై తొమ్మిది సార్లు నిజమైనది నలభైయోసారి అబద్ధమైంది. ‘ఆప్షన్లలో 1, 2 పెట్టి చూడు, సరిపోయింది టిక్ చెయ్’ అని క్లాసులో చెప్పే షార్ట్‌కట్ మీ అమ్మాయికి ఎందుకు మింగుడుపడటం లేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ షార్ట్‌కట్ పరీక్షలో పనిచేస్తుంది, కాదనను. నాలుగింటిలో ఒకటి కచ్చితంగా కరెక్టని పేపరు పెట్టినవాళ్లు ముందే మాటిచ్చారు కాబట్టి పనిచేస్తుంది. బయట అలాంటి మాట ఎవరూ ఇవ్వరు.

తమాషా ఏమిటంటే నిరూపణ సిలబస్‌లోనే ఉంది. ఇంటర్ మొదటి ఏడాది మ్యాథ్స్ పేపరు 1ఏలో ప్రమేయాల (ఫంక్షన్ల) సిద్ధాంతాలు, గణితానుగమనం (ఇండక్షన్) 7 మార్కుల ప్రశ్నలు. ఎందుకో అడగడం నేర్పాల్సిన ఆ రెండు పాఠాల్నే పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం.

గచ్చిబౌలిలో సి.ఆర్.రావు రోడ్డు మీద మీరు వెళ్లే ఉంటారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చదివి, కలకత్తాలో స్టాటిస్టిక్స్ వైపు వెళ్లారు. 1944 ప్రాంతంలో అక్కడ క్లాసు చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి లేచి, ‘శాంపుల్ చాలా పెద్దదైతే ఇది నిజమన్నారు, చిన్న శాంపుల్‌కీ నిజమేనా?’ అని అడిగాడు. రావుగారు ఆ డౌట్ ఇంటికి తీసుకెళ్లి, రాత్రంతా కూర్చుని, మర్నాడు జవాబుతో వచ్చారు. శాంపుల్ చూసి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఆ ఫలితం 1945లో అచ్చయింది, దాన్నే ఇవాళ క్రామర్-రావు అసమానత అంటున్నారు. దండేకర్ మన కాలేజీలో ఉండి ఉంటే ‘పరీక్షలో రాదు, కూర్చో’ అనేవాళ్లం.

ఇక ఏఐ-ఎంఎల్. ఆ బ్రాంచి మీద నాకున్న అనుమానాలు దాచుకోను. పేరు కొత్తదే గానీ లోపలున్నవి లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్. నగరం చుట్టూ చాలా కాలేజీల్లో బోర్డు మారింది, పాఠం చెప్పే తీరు మారలేదు. మూడో ఏడాదిలో నా దగ్గరకొచ్చే పిల్లల్లో రెజ్యూమెలో ఏఐ ప్రాజెక్టు రాసుకుని, మొదటి ఏడాది మ్యాథ్స్ పేపరు ఎం1 బ్యాక్‌లాగ్ ఇంకా మోస్తున్నవాళ్లు ఉంటారు. ఆ ప్రాజెక్టు ఎక్కడ కొన్నారో వాళ్లకీ నాకూ తెలుసు. ఏఐ జవాబు ఇవ్వగలదు, తప్పు జవాబునూ అంతే ధీమాగా ఇస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ‘ఇది నిజమని ఎలా తెలుసు’ అని అడిగే అలవాటే కావాలి. ఆ అలవాటు ఉన్న పిల్లని మాన్పించి, ఆ పేరున్న బ్రాంచిలోనే చేర్చడానికి మేనేజ్‌మెంట్ సీటుకి డబ్బు కట్టాలనుకుంటున్నారా? కోపం తెచ్చుకోకండి, మీ ఉత్తరం చదివితే నాకు అలాగే తోచింది.

మ్యాథ్స్ వైపు వెళ్లాలంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, అంటే ఐఎస్ఐ (బెంగళూరులో బీమ్యాథ్, కోల్‌కతాలో బీస్టాట్), చెన్నై మ్యాథమేటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉన్నాయి. ఇవి రాకపోతే డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్ ‘దోస్త్’లో దొరికిన ఏదో ఒక డిగ్రీ కాలేజీలో చేర్చమని నేను చెప్పను. గైడులోది బోర్డు మీదకి ఎక్కించే చోట ఆమెకి మళ్లీ ఇదే గొడవ. అంతకన్నా మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ నయం. ఐఐటీ హైదరాబాద్‌లో మ్యాథమేటిక్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ కూడా ఉందని మరచిపోవద్దు. డబ్బు సంగతికొస్తే, బీటెక్ వాళ్లకి మొదటి జీతం ముందొస్తుంది, మ్యాథ్స్ వాళ్లు చాలామంది పీజీ దాకా ఆగాలి. ఇంటి మీద అప్పుంటే అది చిన్న విషయం కాదు, ఆ లెక్క అమ్మాయి ముందే పెట్టండి. మీరు అనుకున్నదానికన్నా బాగా అర్థం చేసుకుంటుంది.

సగం పేపరు వదిలేయడం మాత్రం ఆమె తప్పే. డౌట్ వచ్చిన ఫార్ములాని వేరే నోట్‌బుక్‌లో రాసుకుని ఆదివారం తేల్చుకోవాలి, పరీక్షలో కూర్చుని కాదు. కొందరు పిల్లలు లెక్క రాక ‘ఎందుకు’ అంటారు, కొందరు లెక్క వచ్చాక కూడా అంటారు. మీ అమ్మాయి ఏ రకమో ఉత్తరం చూసి నేను చెప్పలేను. దానికో దారి ఉంది. ఐఎస్ఐ ప్రవేశ పరీక్షలో రెండో పేపరుకి ఆప్షన్లుండవు, జవాబు ఎలా వచ్చిందో వివరంగా రాయాలి. పాతవి వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఒకటి ప్రింట్ తీసి ఇవ్వండి. ఒక్క లెక్కా రాకపోవచ్చు, మొదటి సంవత్సరంలో అది మామూలే. మర్నాడో వారం తర్వాతో ఎవరూ చెప్పకుండా ఆ కాగితం మళ్లీ తీస్తే, వచ్చే ఏడాది జేఈఈ, ఈఏపీసెట్‌ (పాత ఎంసెట్)తో పాటు ఐఎస్ఐ ఫారం కూడా నింపించండి. తీయకపోతే నాకు మళ్లీ రాయండి, సీఎస్ఈ కాలేజీల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.