ఓడిన వెంటనే నాయకుణ్ణి మార్చాలా?

ఫలితాలు వచ్చిన వారంలోనే కొత్త నాయకుణ్ణి ఎన్నుకోవాలని మీ పార్టీలో ఒత్తిడి ఉందని, ఓటు చట్టసభ సభ్యులకా, కార్యకర్తలకా అన్నది తేలడం లేదని రాశారు. దయచేసి తొందరపడకండి.

బ్రిటన్ కన్సర్వేటివ్ పార్టీనే చూడండి. 2001 ఓటమి తర్వాత ఎంపీల చివరి రౌండులో కెన్నెత్ క్లార్క్‌కు 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కు 54, మైకేల్ పోర్టిల్లోకు 53 ఓట్లు వచ్చాయి. ఒక్క ఓటు! ఆ తేడాతో పోర్టిల్లో బరిలోంచి పోయారు, మిగిలిన ఇద్దరిలో పార్టీ కార్యకర్తల ఓటుతో డంకన్ స్మిత్ గెలిచారు. ఎంపీలలో మూడో వంతు మాత్రమే కోరుకున్న మనిషి సభలో ఎలా నిలబడతారు? 2003లో 90–75 ఓట్లతో ఆయన్ని ఆ ఎంపీలే దించేశారు.

2005 మేలో మళ్లీ ఓడినప్పుడు అప్పటి నాయకుడు మైకేల్ హోవర్డ్ తప్పుకుంటానని ప్రకటించి కూడా డిసెంబరు దాకా కొనసాగారు. ఆ వ్యవధే పార్టీని ఆదుకుందని నా నమ్మకం. అక్టోబరు పార్టీ మహాసభలో, నాయకత్వానికి పోటీపడుతున్న డేవిడ్ కామెరాన్ కాగితం చూడకుండా మాట్లాడారు. అంతవరకు పోటీలో ముందున్న డేవిడ్ డేవిస్ వెనకబడ్డారు, చివరికి కామెరానే నాయకుడయ్యారు. వారంలో ముగించి ఉంటే ఆ అవకాశమే దక్కేది కాదు.

మీరూ తాత్కాలిక బాధ్యత ఒకరికి అప్పగించి, నాలుగైదు నెలలు గడువు పెట్టండి. తుది ఓటు కార్యకర్తలదే కావాలి, అయితే చట్టసభ సభ్యులలో గట్టి మద్దతు లేనివారు అక్కడిదాకా రాకూడదు. ఎందుకు ఓడిపోయామో ప్రతి అభ్యర్థి చేతా రాయించి, ఈసారి మీకు ఓటు వేయని వారికి ముందుగా చదివి వినిపించండి.