60 వేలలో గేమింగ్, స్ట్రీమింగ్ కంప్యూటర్: ఐ7 అనే పేరు చూసి కొనకండి

తిరుపతిలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నానని, 60 వేల రూపాయల్లో గేములు ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చేందుకు కంప్యూటర్ కావాలని, దుకాణంలో ఐ7 పాత కంప్యూటర్ ఒకటి చూపిస్తున్నారని రాశారు. అది తీసుకోవద్దు. నేనూ ఈ ఊళ్లోనే ఉంటూ ఇదే పనికి కంప్యూటర్ కట్టించుకుని లైవ్ ఇస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఐ7 అనేది ఇంటెల్ ప్రాసెసర్ల వరుస పేరు మాత్రమే, పక్కన ఉన్న అంకెలే అసలు సంగతి చెబుతాయి. సెకండ్ హ్యాండ్‌లో తరచుగా అమ్మే ఐ7 3770 వచ్చింది 2012లో. అందులో నాలుగే కోర్లు (పని చేసే భాగాలు), దానికి పాత తరం డీడీఆర్3 ర్యామ్ కావాలి. విండోస్ 11కి అర్హత లేదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరులో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు తప్పనిసరి. ఆరు కోర్ల ప్రాసెసర్లు ఏఎండీ రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ మీకు చక్కగా సరిపోతాయి. ఏది చవకగా దొరికితే అదే తీసుకోండి. అయితే ఈ రెండింటిలోనూ బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ భాగం ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టేదాకా తెర మీద బొమ్మ రాదు.

మీ డబ్బులో నలభై శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించండి. లైవ్ ఇచ్చేటప్పుడు తెర మీద కదిలే ప్రతి ఫ్రేమునూ అప్పటికప్పుడు కుదించి పంపాలి. ఆ పనిని ప్రాసెసర్‌కు అప్పగిస్తే ఆట తడబడుతుంది. అందుకే కార్డులో ఎన్‌కోడర్ అని ఒక ప్రత్యేక భాగం ఉంటుంది. చాలామంది అడగని ప్రశ్న ఇదే: ఈ కార్డులో ఎన్‌కోడర్ ఉందా? ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కార్డుల్లో అసలు లేదు. చవకగా వస్తున్నాయని వాటి జోలికి వెళ్లకండి. ఆర్‌ఎక్స్ 6600 ఆటలకు మంచి కార్డే, ఎన్‌కోడర్ కూడా ఉంది. కానీ అదే బిట్‌రేటులో (సెకనుకు పంపే డేటాలో) ఎన్విడియా కార్డులు హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో ఇచ్చే చిత్రం ఇంకా శుభ్రంగా ఉంటుంది. గడ్డిలోంచి పరుగెత్తేటప్పుడు, పొగ కమ్మినప్పుడు ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే నేను 12 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 తీసుకున్నాను. అది అందకపోతే 3050 తీసుకోండి, కానీ 8 జీబీదే. అదే పేరుతో అమ్మే 6 జీబీ కార్డు వేగంలో వెనకబడుతుంది.

ర్యామ్ 8 జీబీవి రెండు వేయించండి, 16 జీబీది ఒకటే వద్దు. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేయించండి, లేకపోతే 3200 వేగం ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కోత పెట్టాల్సి వస్తే క్యాబినెట్ లైట్లలో పెట్టండి, ఎస్‌ఎంపీఎస్‌లో (భాగాలకు కరెంటు అందించే పెట్టెలో) మాత్రం వద్దు. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను నమ్మి అంత ఖరీదైన కార్డు తగిలించకండి. పేరున్న కంపెనీది, 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ అనే సామర్థ్య ముద్ర ఉంటే చాలు. ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మా గది పై అంతస్తులో ఉంది. మే నెలలో మధ్యాహ్నం ఆడుతుంటే కార్డు ఫ్యాన్ల హోరు మైకులోకి కూడా వచ్చేది. ముందువైపు అద్దమున్న క్యాబినెట్ మార్చి జాలీ ఉన్నది పెట్టాక ఆ హోరు తగ్గింది. రెండు ఫ్యాన్లు ముందు నుంచి గాలిని లోపలికి లాగాలి, ఒకటి వెనక నుంచి బయటికి పంపాలి.

లైవ్ తడబడితే వెంటనే కంప్యూటర్‌ను అనుమానించకండి. లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో స్టాట్స్ తెరిచి చూడండి. రెండరింగ్ ల్యాగ్ (బొమ్మ తయారీలో ఆలస్యం) పెరుగుతుంటే కార్డుకు ఊపిరి సలపడం లేదని అర్థం. గేమ్‌ను 60 ఫ్రేములకు పరిమితం చేయండి. ఎన్‌కోడింగ్ ల్యాగ్ (కుదించడంలో ఆలస్యం) పెరిగితే ఎన్‌కోడర్‌గా ఎన్విడియా ఎన్‌వెంక్ (కార్డులోని ఎన్‌కోడర్) ఎంచుకున్నారో లేదో చూడండి. డ్రాప్డ్ ఫ్రేములు (పంపలేక వదిలేసినవి) పెరిగితే తప్పు నెట్‌ది. మా ఇంట్లో సాయంత్రం పూట పెరిగేది ఇదే. వైఫై మానేసి కేబుల్ పెట్టాక చాలావరకు తగ్గింది. 6000 కేబీపీఎస్ (సెకనుకు 6000 కిలోబిట్లు) బిట్‌రేటుతో గంటసేపు లైవ్ ఇస్తే 2.7 జీబీ డేటా వెళుతుంది. కాబట్టి కనెక్షన్ తీసుకునేటప్పుడు డౌన్‌లోడ్ వేగంతో పాటు అప్‌లోడ్ ఎంతో అడగండి. కనీసం 10 ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి.

కొనే చోటు గురించి: మనవాళ్లు చాలామంది సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలున్న రిచీ స్ట్రీట్‌కు వెళతారు. ధరలు కనుక్కోవడానికి తప్పక వెళ్లండి. కానీ వారంటీ పని పడితే మళ్లీ అక్కడికే మోసుకెళ్లాలేమో ముందే అడగండి. తేడా వెయ్యి రెండు వేలే అయితే నేను ఇక్కడే కొంటాను. ఎక్కడ కొన్నా కార్డు సీరియల్ నంబరు వేసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి.

మీ దగ్గర మానిటర్ ఉందో లేదో రాయలేదు. అది కూడా ఈ 60 వేలలోనే కొనాలంటే 3060 ఆశ వదులుకుని 3050 8 జీబీకి దిగాల్సి ఉంటుంది. ఆ సంగతి రాస్తే భాగాల పేర్లతో సహా జాబితా వేసి ఇస్తాను.