లడ్డూకి ఇల్లు వెతికే ముందు

చి.సౌ. బుజ్జమ్మకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు చెప్పాల్సినవి సగమే చెప్పగలిగాను. అందుకే ఇలా రాస్తున్నాను.

మీ కుక్క లడ్డూని వేరేవాళ్లకి ఇవ్వాలనుకోవడంలో తప్పు లేదమ్మా. మీరిద్దరూ పొద్దున్నే వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. ఒంటరిగా ఉండలేని పిల్లాడు ఆ పటమట ఫ్లాట్‌లో రోజంతా అల్లాడిపోతున్నాడు. పక్కింటివాళ్ల గొడవ తర్వాత సంగతి. కాకపోతే ఎవరికిస్తున్నాం, ఏం చెప్పి ఇస్తున్నాం అనే దగ్గర తొందరపడకు.

ముందు డాక్టరుకి చూపించు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే. వెళ్లే ముందు పాత ఫోన్ ఒక మూల పెట్టి, మీరు బయటికెళ్లాక వాడేం చేస్తున్నాడో వీడియో తియ్యి. తలుపేసిన అరగంటలోపే ఏడుపు, తలుపు గీరడం, చొంగ కార్చడం మొదలైతే అది భయం, అల్లరి కాదు. తోచక చెప్పులు కొరికే కుక్క సంగతి వేరు. ఇంట్లో మూత్రం పోస్తున్నాడన్నావు, ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమో కూడా తేలాలి. ఈ భయానికి ఫ్లూఓక్సెటిన్ లాంటి మందులున్నాయి. అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, మోతాదు డాక్టరే చెప్పాలి. మనుషుల బిళ్లలు విరిచి పెట్టకు. తిరిగొచ్చి, చేసిన పాడు పనికి కొట్టడం, తిట్టడం అసలే వద్దు. భయం ఇంకా పెరుగుతుంది.

ఇక ఇల్లు. పెరడుందా, మేడ ఉందా అని చూడకు. పగలు మనిషి ఉంటారా లేదా, అదే చూడు. రిటైరైన దంపతులో, ఇంట్లోనే బట్టలు కుట్టే ఆవిడో అయితే రెండు గదుల ఇల్లయినా చాలు. ఇంకో కుక్క ఉంది కదా, తోడుగా ఉంటుందంటారు కొందరు. వాడికి కావాల్సింది మనిషి తోడు. పక్కన మరో కుక్క ఉన్నా ఈ భయం చాలావాటికి తగ్గదు.

మీ చినమామగారు మేడికొండూరు పొలానికి అడుగుతున్నారన్నావు. ఒప్పుకోవద్దు. ఆయన మంచివారే, కానీ ఆయనకి కావాల్సింది మిర్చి కల్లానికి రాత్రి కాపలా. గొలుసు కట్టి చీకట్లో ఒక్కణ్ణే వదిలేస్తే లడ్డూ తెంపుకుని రోడ్డెక్కుతాడు. మొహమాటపడి ఇచ్చేశావంటే తర్వాత నీకే నిద్ర పట్టదు. ఆ మాట ఆయనకి నన్ను చెప్పమన్నా చెబుతాను.

లాబ్రడార్ ఊరికే వస్తోందంటే చాలామంది వస్తారు. జత కట్టించి పిల్లల్ని అమ్ముకునేవాళ్లూ ఉంటారు వాళ్లలో. డాక్టరు సరేనంటే ఇచ్చే ముందే ఆపరేషన్ చేయించెయ్. రేబీస్ టీకా, మిగతా టీకాలు రాసిన పుస్తకం కూడా ఇవ్వు.

అన్నిటికంటే ముఖ్యం, నిజం చెప్పు. ఎన్ని నిమిషాలు ఒంటరిగా ఉండగలడు, ఏమేం పాడుచేశాడు, ఏ మందు వాడుతున్నాడు, అన్నీ కాగితం మీద రాసివ్వు. ‘బుద్ధిమంతుడు, ఏ ఇబ్బందీ లేదు’ అని అంటగడితే వారంలో తిరిగి తెస్తారు. తేకపోతే ఏ కృష్ణలంక కట్ట మీదో వదిలేస్తారు. పెంచుకున్న జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే గానీ, దానికి భయపడేవాళ్లు ఎంతమంది? విని వెనక్కి తగ్గేవాళ్లని తగ్గనివ్వు. అన్నీ విన్నాక కూడా వాడి గురించి ఇంకా ప్రశ్నలడిగేవాళ్లే నీకు కావాలి.

ఇచ్చేటప్పుడు ఒక్కసారిగా వదిలి రావద్దు. ముందు నువ్వూ వెళ్లి వాళ్లింట్లో కాసేపు కూర్చో, తర్వాత ఒక రాత్రి ఉంచి చూడు. వాడి పరుపు ఉతక్కుండా, తినే తిండే పంపు. వాళ్లని రోజూ కాస్త సాధన చేయించమను: తాళాలు తీసుకుని మళ్లీ కూర్చోవడం, గుమ్మం దాటి వెంటనే రావడం, వాడు కుదురుగా ఉంటేనే సమయం పెంచడం. కుదరకపోతే ఎప్పుడైనా మేమే తీసుకుంటామని నోటితో కాదు, కాగితం మీదే మాటివ్వు. నీకు వీలుపడకపోతే మా బ్రాడీపేట ఇల్లుంది, పగలు నేనెలాగూ ఇంట్లోనే ఉంటాను.

అంతవరకు పగలు వాణ్ణి ఒంటరిగా ఉంచకు. కింద ఫ్లాట్ టీచరమ్మగారిని డబ్బులిచ్చయినా అడుగు. చూడటానికి వచ్చేవాళ్లని ఆదివారం రమ్మను, నేనూ పొద్దున్న బస్సుకి వచ్చేస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ