ఎస్‌జీఎక్స్ ఉన్న నోడ్ మీద డాకర్ ఇమేజ్ నడిపితే చాలా, ఇంకేమైనా చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పైథాన్ ఫ్లాస్క్ సర్వీస్ ఒకటి రోగుల రిపోర్టులు చదువుతుంది, ఆ డేటా క్లౌడ్ అడ్మిన్‌కి కూడా కనిపించకూడదు. ఎస్‌జీఎక్స్ (మెమరీలో ఎన్‌క్లేవ్ అనే రక్షిత భాగాన్ని ఇచ్చే ఇంటెల్ ప్రాసెసర్ సదుపాయం) ఉన్న నోడ్ తీసుకుని ఇమేజ్ పెట్టారు, పాడ్ (కుబెర్నెటీస్‌లో కంటైనర్ నడిచే యూనిట్) రన్నింగ్ అని చూపిస్తోంది. పని అయిపోయినట్టేనా అని అడిగారు.

అవలేదండీ. మీ కోడ్ ఇంకా ఎన్‌క్లేవ్ బయటే, మామూలు కంటైనర్‌లాగే నడుస్తోంది. రెండేళ్ల క్రితం మాదాపూర్‌లో మా టీమ్ కూడా సరిగ్గా ఇక్కడే మొదలుపెట్టింది.

ఎన్‌క్లేవ్ లోపలి నుంచి నేరుగా సిస్టమ్ కాల్ చేయడం, అంటే ఫైల్, నెట్‌వర్క్ లాంటి వాటికోసం ఓఎస్‌ని అడగడం, కుదరదు. మీ కోడ్ మార్చకుండా నడవాలంటే మధ్యలో ఆ కాల్స్ చూసుకునే ఒక పొర, లైబ్రరీ ఓఎస్ లాంటిది కావాలి. ఆక్లమ్, స్కోన్ లాంటివి ఉన్నా మేము గ్రామీన్ తీసుకున్నాం. దాని జీఎస్‌సీ టూల్ మీ ఇమేజ్‌ని గ్రామీన్‌తో కలిపి కొత్త ఇమేజ్ కడుతుంది, మీ కీతో సైన్ చేస్తుంది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు కానీ మ్యానిఫెస్ట్ (ఏ ఫైళ్లు, ఎంత మెమరీ, ఎన్ని థ్రెడ్లు అని చెప్పే ఫైల్) మీరే రాయాలి, టైమంతా దానికే పోతుంది. కుబెర్నెటీస్ వైపు పెద్ద పనేమీ లేదు. ఇంటెల్ డివైస్ ప్లగిన్ పెట్టి, పాడ్ లిమిట్స్‌లో ఎన్‌క్లేవ్ మెమరీ (ఈపీసీ) ఎంత కావాలో అడగాలి. లైనక్స్ కెర్నెల్ 5.11 నుంచి ఎస్‌జీఎక్స్ డ్రైవర్ అందులోనే ఉంది. నోడ్ మీద పూర్తి హక్కులుండే ప్రివిలేజ్డ్ పాడ్ పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి.

ఈపీసీ అంటే ఎన్‌క్లేవ్‌ల కోసం విడిగా ఉంచే మెమరీ. పాత ప్రాసెసర్లలో అది 128 ఎంబీ, మనకి దక్కేది 93 దాకా. 2021లో వచ్చిన ఐస్ లేక్ జియాన్‌లలో సాకెట్‌కి 512 జీబీ వరకు పెరిగింది. ఇక ఇబ్బందేముందిలే అనుకున్నాం. మా నోడ్‌కి 8 జీబీ ఉంది. ఎన్‌క్లేవ్ సైజు 1 జీబీ అని రాశాం, పాడ్‌కీ అంతే అడిగాం. ఒక పాడ్ బాగానే నడిచింది. రెండోది లేవగానే రెండూ నత్తనడక. పాడ్ బతికుందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్‌కి జవాబు రాక కుబెర్నెటీస్ చంపేస్తుంది, మళ్లీ లేపుతుంది. ఒక రోజంతా నెట్‌వర్క్ వాళ్లని తిట్టుకున్నాం, పాపం. చివరికి చూస్తే ఫ్లాస్క్‌ని నడిపే వెబ్ సర్వర్ గునికార్న్‌లో వర్కర్లు 4. గ్రామీన్‌లో ఫోర్క్ చేసిన (కాపీగా పుట్టించిన) ప్రతి ప్రాసెస్‌కీ ఒక కొత్త ఎన్‌క్లేవ్. మాస్టర్‌తో కలిపి 5, అంటే పాడ్‌కి 5 జీబీ, రెండు పాడ్లకి 10. వర్కర్ ఒకటే ఉంచి థ్రెడ్లు పెంచాం. మ్యానిఫెస్ట్‌లో థ్రెడ్ల పరిమితి కూడా పెంచాలి, గ్రామీన్ తన సొంతానికి కొన్ని వాడుకుంటుంది. స్టార్టప్ ప్రోబ్ కూడా పెట్టండి, పెద్ద ఎన్‌క్లేవ్ లేవడానికి టైమ్ పడుతుంది.

అసలు దెబ్బ డెమో రోజున తగిలింది. డేటాని డీక్రిప్ట్ చేసే కీని కుబెర్నెటీస్ సీక్రెట్‌లో పెట్టి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పంపాం. గ్రామీన్ మామూలుగా దాన్ని లోపలికి రానివ్వదు. రానిచ్చే ఆప్షన్ పేరులోనే ఇన్‌సెక్యూర్ అని ఉంది, చదివి మరీ ఆన్ చేశాం! క్లయింట్ వైపు సెక్యూరిటీ చూసే మేడమ్ మా సిస్టమ్‌లోనే ఒక్క కమాండ్ కొట్టించారు. కీ బేస్64లో (ఎవరైనా తేలిగ్గా వెనక్కి మార్చుకోగల రాతలో) తెర మీదికొచ్చేసింది. "ఇంటికి తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించారేంటండీ" అన్నారు. ఏసీ గదిలో చెమటలు పట్టాయి.

ఆ తర్వాత కీని క్లస్టర్‌లోంచి తీసేశాం. ఇప్పుడది క్లయింట్ సొంత సర్వర్‌లో ఉంటుంది. మా ఎన్‌క్లేవ్ లేవగానే వాళ్లకి కోట్, అంటే హార్డ్‌వేర్ తరఫున సంతకం చేసిన రుజువు పంపుతుంది. లోపల ఏ కోడ్ లోడైందో చెప్పే ఎంఆర్‌ఎన్‌క్లేవ్ కొలత అందులో ఉంటుంది. కోట్ మీది సంతకం ఇంటెల్ సర్టిఫికెట్లతో సరిపోయి, కొలత వాళ్ల దగ్గరున్న దానితో కలిస్తేనే కీ వస్తుంది. ఈ పరీక్షనే అటెస్టేషన్ అంటారు. డీబగ్ మోడ్‌లో లేచిన ఎన్‌క్లేవ్ మెమరీని డీబగ్గర్‌తో చదవొచ్చు కాబట్టి అలాంటి కోట్‌ని వాళ్ల సర్వర్ తిప్పికొట్టాలి. మీరు ముందు కట్టాల్సింది ఈ భాగమే. మేము చివర్లో కట్టాం కాబట్టి చెబుతున్నా.

దీనితో వచ్చే తలనొప్పి కూడా చెప్పాలి. ఒక శుక్రవారం సాయంత్రం మా వాడొకడు కాన్ఫిగ్‌లో లాగ్ లెవెల్ మార్చి డిప్లాయ్ చేసి ఎల్బీ నగర్ బయల్దేరాడు. ఒక్క పదమే. కానీ ఆ ఫైల్ హాష్ (వేలిముద్ర లాంటి సంఖ్య) మ్యానిఫెస్ట్‌లో ఉంటుంది, మ్యానిఫెస్ట్ కొలతలో ఉంటుంది. కీ సర్వర్ కొత్త పాడ్లన్నిటినీ పొమ్మంది. పాపం, అతను అమీర్‌పేటలో మెట్రో దిగి, ప్లాట్‌ఫామ్ మీదే ల్యాప్‌టాప్ తెరిచి రోల్‌బ్యాక్ చేశాడు. ఇప్పుడు బిల్డ్ అవగానే కొత్త కొలత క్లయింట్‌కి వెళ్తుంది, వాళ్లు ఓకే అన్నాకే రోలౌట్. బేస్ ఇమేజ్‌కి ప్యాచ్ వచ్చినా ఇదే తంతు.

ఇదంతా చదివి టెన్షన్ పడితే కాన్ఫిడెన్షియల్ కంటైనర్స్ చూడండి. పాడ్లని వీఎంలలో నడిపే కటా సాయంతో అది పాడ్ మొత్తాన్ని ఏఎండీ ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ లేదా ఇంటెల్ టీడీఎక్స్ రక్షణ ఉన్న వీఎంలో నడుపుతుంది. మ్యానిఫెస్ట్ గొడవ లేదు, ఫోర్క్ గొడవ లేదు. బదులుగా ఆ వీఎం లోపలి గెస్ట్ కెర్నెల్‌ని కూడా నమ్మాలి. మీ ఫ్లాస్క్ సర్వీస్ లాంటిదానికి ఇవాళైతే నేను ముందు దీన్నే ప్రయత్నిస్తాను. కీ సంగతి మాత్రం అక్కడా ఇంతే, అటెస్టేషన్ అయ్యాకే ఇవ్వాలి.

మీ నోడ్ ఏ తరం ప్రాసెసరో, గునికార్న్ వర్కర్లు ఎంతమందో చెప్పండి. ఈపీసీ ఎంత అడగాలో లెక్క వేసి చెబుతాను.